శనివారం తెచ్చిన పెట్టె

కంప్యూటరు కొనకముందు నేను రాసుకున్న చీటీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పది రోజులు ఫోన్లో వీడియోలు చూసి, కొట్టేసి, మళ్లీ రాసి తయారుచేసిన చీటీ అది. ప్రాసెసరు ఏది, దాన్ని తనలో కూర్చోబెట్టుకునే మదర్‌బోర్డు ఏది, ఆ బోర్డు ఏ రకం మెమరీని ఒప్పుకుంటుంది, ఇవన్నీ కలిసి లాగే కరెంటుకు ఎంత పవర్ సప్లై కావాలి, తెర ఎంతది, అన్నీ మోడలు నంబర్లతో సహా వరసగా ఉంటాయి. అడుగున చివరి వరసలో మాత్రం "డబ్బా: నల్లది" అని రాసి వదిలేశాను. నేను పడిన అవస్థంతా ఆ చివరి వరస వల్లే.

నేను పట్టుచీరలకు డిజైన్లు గీస్తాను. కొంగు మీద నెమలి కావాలన్నా, అంచులో గోపురం కావాలన్నా ముందు దాన్ని కంప్యూటర్లో చిన్న చిన్న గళ్లుగా గీయాలి. ఎక్కడ ఏ పోగు పైకి లేవాలో ఆ గళ్లే చెబుతాయి, వాటిని బట్టే మగ్గం నేస్తుంది. ధర్మవరంలో ఒక డిజైన్ సెంటర్లో ఆరేళ్లు ఈ పని చేశాను. ఒకరోజు మా యజమాని నేను గీసిన చిలకల కొంగును ఒక చీరల వ్యాపారికి చూపించి, తానే మూడు రోజులు కూర్చుని గీశానని చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. చిన్నప్పటినుంచీ నాకు ఆ అలవాటు లేదు. "చిలక ముక్కు ఎన్ని గళ్లో ఆయన్నే చెప్పమనండి సార్" అన్నాను. వ్యాపారి నవ్వాడు, యజమాని నవ్వలేదు. ఆ సాయంత్రమే పని మానేసి, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా తీసుకుని మా ఊరి బస్సెక్కాను.

వారం తిరక్కుండానే ఆ వ్యాపారి ఫోన్ చేశాడు. ఇంటి దగ్గరే ఉండి ఒక కొత్త కొంగు, దానికి తగ్గ అంచు గీసి, వచ్చే నెల రెండో సోమవారానికి ఇవ్వగలవా అని అడిగాడు. నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. సరేనన్నాను. అన్న తర్వాత గుర్తొచ్చింది, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ ఒక్క బుటా గీయబోతేనే బిగుసుకుపోతుందని. సోమవారం తప్పిపోతే మళ్లీ ఆ సెంటర్ మెట్లెక్కి, చిలకలు మీవేనండీ అని ఒప్పుకుని కుర్చీలో కూర్చోవాలి. ఆ సంగతి తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది. ఆరేళ్లలో దాచుకున్నదంతా తీసి కంప్యూటరు కూర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

రెడీమేడ్‌ది కొంటే అందులో నాకు అక్కర్లేనివి నాలుగుంటాయి, కావలసింది ఒకటి తక్కువుంటుంది. విడిభాగాలు ఏరుకుంటే నా పనికి సరిపడా వస్తుంది. కానీ అవి ఒకదానికొకటి కుదరాలి. ఈ ఏటి ప్రాసెసరు నిరుటి బోర్డులో కూర్చోదు. ఒక రకం మెమరీకి చేసిన గాడిలో ఇంకో రకం దిగనే దిగదు. నేను అరుగు మీద కూర్చుని ఇవన్నీ గొణుక్కుంటుంటే మా నాయన పక్కన చేరి వినేవాడు. ఆయనకు కంప్యూటర్లు తెలియవు, బోరు మోటర్లు తెలుసు. ఊళ్లో ఎవరి మోటరు కాలినా, ఎవరి పంపు బిగుసుకున్నా స్పానర్ల సంచీ పట్టుకుని వెళ్లేది ఆయనే.

నేను చెప్పింది ఆయనకు ఏమాత్రం వింతగా తోచలేదు. మోటరు ఒక కంపెనీది, పంపు ఇంకో కంపెనీది తెచ్చి, రెండూ కలవక తలలు పట్టుకున్నవాళ్లను ఎంతమందినో చూశానన్నాడు. మన ఊరి కరెంటును నమ్మొద్దు, పవర్ సప్లై ఒక సైజు పెద్దదే తీసుకో అన్నాడు. అది మంచి సలహా, అలాగే మార్చి రాసుకున్నాను. తర్వాత ఒక ప్రశ్న వేశాడు.

"అన్నీ బాగానే ఉండాయి గానీ పాపా, దించేకి కేసింగు ఎంతుండాది?"

బోరు గుంతలో మన్ను కూలకుండా దించే గొట్టాన్ని కేసింగు అంటారు. మోటరు ఎంత మంచిదైనా ఆ గొట్టంలో పట్టకపోతే దండగే. అందుకని మోటరు కొనడానికి వెళ్లేముందు ఎవరైనా మొదట కేసింగు కొలుస్తారు. నాకు నవ్వొచ్చింది. డబ్బా అంటే డబ్బానే నాయనా, దాంట్లో కొలవడానికి ఏముంటుంది అన్నాను. పది రోజులుగా వీడియోలు చూస్తున్నదాన్ని కదా, నాకు తెలియదా అనుకున్నాను.

అనంతపురంలో ఒక షాపాయనకు చీటీలోని వస్తువులన్నీ తెప్పించమని చెప్పాను. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన ఫోన్ చేసి అన్నీ వచ్చాయన్నాడు. ప్రాసెసరు ఒక్కటే ఉంది, ఇంకొకరు అడుగుతున్నారు, రేపే రమ్మన్నాడు. రేపు అంటే శనివారం. శనివారం ఇనుము ఇంటికి తేకూడదు. ఇది మా వైపు అందరిళ్లలోనూ ఉన్న మాటే. పనుంటే చూసీచూడనట్టు పోయేవాళ్లూ ఉన్నారు. మా నాయన మాత్రం పోడు, దానికి కారణముంది.

మా చేలో చివరిసారి వేయించిన బోరులో నీళ్లు బాగా పడ్డాయి. మోటరు దించే లారీ తొందరలో ఉందని ఆ బోరుకు మోటరు, స్టార్టరు, వాటిని పెట్టే ఇనుప పెట్టె అన్నీ శనివారమే తెచ్చేశాడు నాయన. ఏడాది తిరిగేసరికి బోరు ఎండిపోయింది. చుట్టుపక్కల చేలల్లోనూ చాలా బోర్లు ఎండాయి, వాళ్లందరూ శనివారమే మోటరు తేలేదు కదా. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆయన తలకెక్కలేదు. మోటరు మాత్రం పైకి లాగించలేదు. మూడేళ్లుగా వాన పడినప్పుడల్లా చేనికి వెళ్లి, ఆ పెట్టె తాళం తీసి, పచ్చ బటన్ నొక్కి, పైపు మూతి దగ్గర అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేవాడు. గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఎర్ర బటన్ నొక్కి, తాళం వేసి ఇంటికొచ్చేవాడు.

శనివారం పొద్దున్నే నాతోపాటు ఆయనా బస్సెక్కాడు. షాపులో అట్టపెట్టెలన్నీ బల్ల మీద వరసగా పెట్టారు. నాయన షాపాయన్ని స్క్రూడ్రైవర్ ఇవ్వమని అడిగాడు. కంప్యూటర్ షాపుల్లో స్క్రూడ్రైవర్ మొనకు అయస్కాంతం ఉంటుందని ఆయన అప్పటికే కనిపెట్టేశాడు. ఒక్కొక్క వస్తువునే బయటికి తీయించి దాని మీద ఆ మొన ఆనించి చూడసాగాడు. ప్రాసెసరుకు అంటుకోలేదు, ఒక పక్కన పెట్టాడు. మెమరీకి అంటుకోలేదు, అదీ ఆ పక్కకే వెళ్లింది. సిగ్గుతో నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. మదర్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి, వైర్లు గుచ్చే చోట ఉన్న రేకుకు మొన టక్కున అంటుకుంది. షాపులో కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఆగి చూశారు.

"ఫికర్ వద్దు పెద్దాయనా, అది శానా తక్కువ ఇనుము" అన్నాడు షాపాయన.

నాయన మొన లాగేశాడు. అంత ఇనుము చెప్పుల మేకుల్లో కూడా ఉంటుందిలే అని బోర్డును రానిచ్చాడు. పవర్ సప్లై, డబ్బా మాత్రం నిలువునా అంటుకున్నాయి. ఆ రెంటినీ సోమవారం తీసుకుంటాం, పక్కన పెట్టమని చెప్పి, మిగతావి తీసుకుని వచ్చేశాం. ఆ డబ్బా పెద్దది, నల్లది, ఒక పక్క అద్దం ఉంది. నా బోర్డు అందులో హాయిగా పట్టేది.

సోమవారం నేను వెళ్లలేదు. కంప్యూటరు వచ్చేలోపు బొమ్మంతా గళ్ల కాగితం మీద చేత్తో గీసిపెట్టుకుందామని కూర్చున్నాను. కొంగు నిండా చెనిక్కాయ చెట్టు, అంటే వేరుశనగ చెట్టును, ఆకులూ ఊడలూ కాయలతో సహా గీయాలని నా ఊహ. నాయనకు చీటీ ఇచ్చి పంపాను. ఆరోజు షాపాయన పెళ్లికి వెళ్తే తమ్ముడు కూర్చున్నాడట. మేము పక్కన పెట్టించిన డబ్బాను అతను ఆదివారం ఎవరికో అమ్మేశాడు. చీటీ చూసి, నల్ల డబ్బానే కదా అని అద్దమున్నదే ఇంకోటి తీసి ఇచ్చాడు. చీటీలో ఉన్నట్టే ఉంది కాబట్టి పవర్ సప్లైతో పాటు నాయన దాన్ని తెచ్చాడు. బస్సులో ఒడిలో పెట్టుకుని గీత పడకుండా తెచ్చి, చూసేకి ముద్దుగా ఉండాదని అమ్మతో మురిసిపోతూ చెప్పాడు. నేను కాగితం మీంచి తలెత్తి, నల్లగానే ఉంది కదా అనుకుని మళ్లీ వంచేశాను.

కొత్త వస్తువు శుక్రవారమే విప్పాలంది అమ్మ. నా బొమ్మ కూడా అప్పటికి కాలేదు కాబట్టి సరేనన్నాను. శుక్రవారం మధ్యాహ్నం అమ్మ డబ్బాకు పసుపు, కుంకుమ పెట్టింది. నేను నేల మీద దుప్పటి పరిచి, ప్రాసెసరును బోర్డులో కూర్చోబెట్టాను. అది ఎంత సులువుగా కూర్చుందో! మెమరీ రెండు పక్కలా టిక్కుటిక్కుమని దిగింది. చీటీలో రాసుకున్నవన్నీ ఒకదాంట్లో ఒకటి అమరుతుంటే గర్వంగా నాయన వైపు చూశాను. తర్వాత బోర్డును ఎత్తి డబ్బాలో పెట్టబోయాను. నాలుగు వేళ్లు బయటికొచ్చింది. తిప్పి పెట్టాను. ఎటు తిప్పినా పట్టలేదు. డబ్బాల్లో సైజులుంటాయని, చిన్న బోర్డులకు వేరే చిన్న డబ్బాలుంటాయని నాకు తెలియకపోలేదు. రాయడానికి బద్ధకించాను, అంతే.

షాపాయనకు ఫోన్ చేశాను. పాపం మంచి మనిషి, బొట్టు పెట్టినా పర్వాలేదు మార్చిస్తానన్నాడు. కానీ పెద్దది బెంగుళూరు నుంచి రావాలి, మంగళవారమవుతుందన్నాడు. తెలిసిన షాపుల్లో కూడా అడిగి చెప్పాడు, ఎక్కడా లేదు. నాకు సోమవారం పొద్దునకల్లా డిజైన్ కావాలి, గళ్లు నింపడానికే రెండు నిండు రోజులు పడుతుంది. బోర్డును అట్టమీద పెట్టి ఊరికే ఆడించొచ్చని వీడియోల్లో చూశాను. కానీ మాది రేకుల ఇల్లు. గాలి లేచిందంటే ఎర్రమన్ను అన్నం పళ్లెంలోకి కూడా వస్తుంది. ఇంటినిండా బల్లులు. ఒక్క బల్లి ఆ బోర్డు మీద పడితే నా ఆరేళ్ల కష్టం కాలిపోతుంది.

అప్పుడు నాకు కోపమొచ్చింది. నాకు కోపమొస్తే ఎదురుగా ఎవరుంటే వాళ్లదే తప్పు.

"అంతా నీ శనివారం వల్లే" అన్నాను నాయనతో. "ఆ పొద్దే తెచ్చుకునింటే ఈ తిప్పలుండేవా? బోరు ఎండింది నువ్వు శనివారం మోటరు తెచ్చినందుకు కాదు. భూమిలో నీళ్లు లేక ఎండింది. ఎప్పటికీ రావు కూడా."

ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. దించేకి కేసింగు ఎంతుండాది అని ఆయన నన్ను ముందే అడిగాడని అన్నం తినేటప్పుడు గుర్తొచ్చింది.

మరునాడు పొద్దున లేచేసరికి నాయన లేడు. స్పానర్ల సంచీ తీసుకుని పోయినాడని అమ్మ చెప్పింది. ఎవరిదో మోటరు చెడిపోయి ఉంటుందనుకున్నాను. నేను గీసిన చెనిక్కాయ చెట్టు గోడకు ఆనించి ఉంది. దాన్ని చూస్తూ, వ్యాపారికి ఏం చెప్పాలో మనసులోనే మాటలు కూడదీసుకున్నాను. కుదరలేదు సార్, ఇంకెవరికైనా ఇవ్వండి. అంతకంటే చిన్నగా చెప్పడం చేతకాలేదు. నంబరు కూడా తీశాను. అప్పుడు వాకిట్లో మోపెడ్ చప్పుడైంది.

మోపెడ్ వెనక సైకిల్ ట్యూబుతో కట్టి, బోరు దగ్గరి ఇనుప పెట్టె ఉంది. వెల్డింగు షాపులో కొలత ఇచ్చి చేయించుకున్న బరువైన పెట్టె అది. గాలి ఆడడానికి పక్కలకు చీలికలుంటాయి, ముందు తలుపుంటుంది, తలుపుకు పచ్చది ఒకటి, ఎర్రది ఒకటి బటన్లుంటాయి. లోపలున్న స్టార్టరు విప్పేసి చేనులోని కొట్టంలో పెట్టొచ్చాడట. పెట్టె మూలలో ఎండిపోయిన కందిరీగల గూడు ఇంకా అలాగే ఉంది. నాయన దాన్ని రెండు చేతులతో ఎత్తి గడప దగ్గరికి వచ్చాడు.

"ఈ పొద్దు శనివారం నాయనా" అన్నాను.

"తెల్సు."

"రేపు తెచ్చింటే పోయేది గదా."

"రేపటికి నీకి ఒక దినం పోతాది" అన్నాడు. "ఆ బోరు కాడ కాచుకోని నేను పోగొట్టుకునింది చాలు పాపా. పక్కకు జరుగు, బరువుగా ఉండాది."

జరిగాను. ఆయన ముందు కుడికాలు పెట్టి ఇనుప పెట్టెతో సహా లోపలికొచ్చాడు. అమ్మ కూడా పక్కకు జరిగింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోకుండా ఏడ్చాను. ఇక వాన పడితే చేనికి పోయి ఆయన నొక్కడానికి అక్కడ బటనే లేదు. నిన్న అన్న మాటకు తప్పయిందని చెప్పాను. ఆయన అదేమీ విననట్టు, జానలతో పెట్టె లోపలి వెడల్పు కొలుస్తున్నాడు. తర్వాత బోర్డును కూడా తాకకుండా పైనుంచే కొలిచాడు. పట్టి నాలుగు వేళ్లు మిగుల్తాదన్నాడు.

స్టార్టరు ఇనుముకు తగలకుండా పెట్టె లోపల వెనకవైపు మందపాటి హైలం షీటు ఒకటి బిగించి ఉంది. దాని మీద కరెంటు పారదు. నా బోర్డుకు అంతకంటే మంచి చోటు దొరకదు. చిన్న డబ్బాలోంచి ఇత్తడి మరలు విప్పి, నేను గుర్తులు పెట్టిన చోటల్లా నాయన రంధ్రాలు చేసి బిగించాడు. అడుగున పవర్ సప్లై కూర్చుంది. పెట్టెకు ఎర్తు తీగ కట్టి, నన్ను దూరంగా నిలబెట్టి రెండుసార్లు టెస్టరు పెట్టి చూశాడు. అమ్మ తన పాత వాయిల్ చీర చింపి, మన్ను దూరకుండా చీలికలకు లోపలినుంచి అంటించింది. కందిరీగల గూడు తీసి గోడవతల పారేసింది కూడా ఆమే.

చివరికి స్విచ్చు ఒక్కటి మిగిలింది. కంప్యూటరు లేవడానికి బోర్డు నుంచి వచ్చే రెండు సన్నటి తీగలు ఒక్క క్షణం కలిస్తే చాలు. మామూలుగా ఆ తీగలు డబ్బా ముందున్న బటనుకు వెళ్తాయి. నేను పెట్టె తలుపు వైపు చూశాను. బోరు మోటరు పచ్చ బటన్ చేసే పనీ అదే, రెండు తీగల్ని ఒక క్షణం కలిపి వదలడం. చిన్న డబ్బా బటను తీగను కత్తిరించి, నాయన చేత పచ్చ బటనుకు కలిపించాను. నా చీటీలో లేని వస్తువు అది. అన్నిటికంటే బాగా కుదిరింది అదే.

"నువ్వే నొక్కు నాయనా" అన్నాను.

ఆయన చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని నొక్కాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. ఆయన ముఖం చూడలేక నేను పెట్టెలోకి చూశాను. అప్పుడు ఫ్యాను తిరిగింది, తెర మీద వెలుగొచ్చింది. నాయన తెర వైపు చూడనే లేదు. వంగి, ఫ్యాను దగ్గర అరచెయ్యి పెట్టి, వచ్చే గాలిని పట్టి చూశాడు.

"ఆడుతాండాది" అన్నాడు అమ్మతో.

ఆ రోజు మధ్యాహ్నానికల్లా గళ్లు నింపడం మొదలుపెట్టాను. ఆ రాత్రంతా కూర్చుని, ఆదివారం పొద్దు వాలేసరికి కొంగూ అంచూ రెండూ అయిపోయాయి. సోమవారం వ్యాపారి డిజైనును పెద్దగా చేసి, చిన్నగా చేసి చాలాసేపు చూశాడు. చీర కొంగు మీద చెనిక్కాయలేందమ్మా అని మొదట నవ్వాడు. తర్వాత, ఊడలకు కట్టిన కాయల దగ్గర ఆగి, ముందు ఇరవై చీరలు నేయిద్దామన్నాడు. ఎన్ని గళ్లని అడగలేదు, అడిగి ఉంటే నేను చెప్పేదాన్ని. అప్పటినుంచి పాత సెంటర్ మెట్లెక్కే పని పడలేదు.

మంగళవారం షాపాయన ఫోన్ చేసి పెద్ద డబ్బా వచ్చిందన్నాడు. నా చేతులు ఖాళీగా లేక నాయన ఎత్తాడు. "వద్దులేప్పా, మాకు కుదిరింది" అని పెట్టేశాడు. తీగ కత్తిరించిన ఆ చిన్న డబ్బాను ఇక వెనక్కి ఇవ్వలేం కాబట్టి అమ్మ అందులో గాజులు పెట్టుకుంది. అద్దంలోంచి బాగా కనిపిస్తాయట.

ఆ ఏడు శ్రావణంలో మంచి వాన పడింది. వెలిశాక నాయన అలవాటు కొద్దీ చేనిదాకా వెళ్లాడు. మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చి, నేను పని చేసుకుంటున్న గదిలోకి వచ్చి, ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఈసారి గుంతలన్నీ నిండాయి కదా, బోరులోకి నీళ్లు ఊరినా ఊరొచ్చు, దానికి ఇంకో పెట్టె చేయిద్దాం నాయనా, నేను చేయిస్తాను అన్నాను. ఆయన ఫ్యాను దగ్గరినుంచి చెయ్యి తీశాడు.

"చేపిద్దువులే పాపా" అన్నాడు. "శనివారం మాత్రం వద్దు."